పరిగెత్తనివ్వొచ్చా? – బడి పిల్లల ఆరోగ్యం, ఆటలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: పిల్లకో పిల్లాడికో ఏదో ఇబ్బంది ఉంది, ఆటలు మాన్పించాలా? నూటికి తొంభై సందర్భాల్లో మాన్పించనక్కర్లేదు. ఇబ్బంది ఏమిటో కనిపెట్టి, జాగ్రత్తలు తీసుకుని ఆడించాలి. చెట్టు కింద కూర్చోబెట్టడం వైద్యం కాదు.

ప్రశ్న: మాది ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు కొట్టేసరికి ఆయాసంతో కూలబడుతున్నారు. వారం వారం ఇచ్చే నీలం బిళ్లలు సగంమంది కిటికీలోంచి పారేస్తున్నారు. ఇది బద్ధకమా, రక్తహీనతా?
– వ్యాయామ ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: బద్ధకమని తీర్మానించే ముందు రక్తపరీక్ష చేయించండి. కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్లు పాలిపోయి కనిపించే వేళకే రక్తం బాగా తగ్గిపోయి ఉంటుంది. అందుకని రంగు బాగానే ఉందని వదిలేయకండి. అయిదు నుంచి 11 ఏళ్ల పిల్లల్లో హిమోగ్లోబిన్ 11.5 గ్రాముల కంటే, 12 నుంచి 14 ఏళ్లవాళ్లలో 12 కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. పదిహేనేళ్లు దాటాక ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13. ఎనిమిది కంటే తగ్గితే తీవ్రమైనది. ఆ పిల్లను ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) వైద్యబృందం ఏడాదికోసారి బడికి వస్తుంది. అంతవరకూ ఆగకుండా ఏఎన్ఎంతో మాట్లాడి పీహెచ్‌సీలో పరీక్ష చేయించవచ్చు.

పిల్లల్ని విడివిడిగా రెండు విషయాలు అడగండి. ఒకటి, బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపిస్తోందా అని. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో ఈ యావ తరచుగా కనిపిస్తుంది. తిట్టి మాన్పించేది కాదది. ఇనుము అందితే చాలామందిలో దానంతటదే పోతుంది. రెండోది, నెలసరి ఏడు రోజులు దాటి సాగుతోందా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా అని. అవునంటే బిళ్లలతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక నీలం బిళ్ల. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. పదేళ్ల లోపు పిల్లలకిచ్చే గులాబి బిళ్లలో ఇనుము 45 మిల్లీగ్రాములు. చాలా బళ్లలో ఒక పొరపాటు జరుగుతోంది. వారానికొకటి ఇచ్చేది రక్తహీనత రాకుండా కాపాడే మోతాదు. వచ్చినవాళ్లకు అది చాలదు. డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ, కొన్ని నెలలపాటు వాడితేనే నయమవుతుంది. వారం బిళ్ల వేసుకుంటోంది కదా అని పరీక్షలో తక్కువ తేలిన పిల్లను వదిలేస్తే, ఏడాది తర్వాతా ఆ రౌండు దగ్గరే కూలబడుతుంది.

పారేయడానికి కారణం వికారం. ఖాళీ కడుపుతో ప్రార్థన సమయంలో ఇస్తే ఇద్దరు వాంతి చేసుకుంటారు, వాళ్లను చూసి పదిమందికి తిప్పుతుంది, మర్నాటి నుంచి ఆ బిళ్ల పేరెత్తితే తల్లిదండ్రులే వద్దంటారు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇవ్వండి. పాఠం మొదలయ్యే ముందు తరగతి గదిలో, గ్లాసు నిండా నీళ్లతో, మీ ఎదుటే మింగించండి. టీచరు కూడా పిల్లల ముందు ఒక బిళ్ల వేసుకోవాలని కార్యక్రమ మార్గదర్శకాల్లోనే ఉంది. భయం పోగొట్టడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. బిళ్లకు ముందో వెనకో గంటలోపు టీ, కాఫీ, పాలు వద్దు. అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ, ఉసిరి, జామ తింటే బాగా పడుతుంది.

బిళ్లల షీటు మాత్రం ఇంటికి ఇచ్చి పంపకండి. సెలవుల్లో ఇవ్వక తప్పకపోతే తల్లి చేతికివ్వండి. రంగురంగుల బిళ్లలు చాక్లెట్లనుకుని చిన్న తమ్ముడు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరంతో ఉన్న పిల్లకు ఆ వారం ఆపండి. తలసీమియా, సికిల్ సెల్ వంటి పుట్టుకతో వచ్చే రక్తవ్యాధులు ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువ కాబట్టి అక్కడి టీచర్లకు ఇది మరీ ముఖ్యం.

రక్తం పీల్చే కొంకిపురుగులు కడుపులో ఉంటే ఎన్ని బిళ్లలు వేసినా అంతే సంగతులు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినోత్సవం పేరిట ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర నమిలి మింగించాలి. అలాగే గుటుక్కున వేసుకుంటే చిన్నపిల్లల గొంతులో అడ్డం పడుతుంది. కొంకిపురుగు పిల్లలు ఉత్త కాళ్లలోంచి లోపలికి దూరతాయి కాబట్టి మరుగుదొడ్డికి, పొలానికి చెప్పులు లేకుండా వెళ్లవద్దని చెప్పండి.

చికిత్స సాగుతున్నన్నాళ్లు వాళ్లు ఏం చేయాలి? హిమోగ్లోబిన్ కొద్దిగా తగ్గినవాళ్లకు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఆరుసార్లు చేయించండి. రెండు వారాలకోసారి పరుగును అర నిమిషం పెంచండి. గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ఆపేయాలి. డాక్టరు పరుగు వద్దన్నవాళ్లకు రింగ్ విసరడం, గురి చూసి బంతి కొట్టడం, స్కోరు రాయడం ఉండనే ఉన్నాయి. ఇంటర్వల్ దాకా అరుగు మీద కూర్చోబెట్టకండి.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, ఉబ్బసం ఉంది. పరిగెడితే దగ్గు, పిల్లికూతలు. బడివాళ్లు ‘ఆటల నుంచి మినహాయించండి’ అని లెటర్ రాసివ్వమంటున్నారు. ఇవ్వమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఇవ్వకండమ్మా. దాని బదులు బాబుకి ఆయాసం వస్తే ఏం చేయాలో డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి క్లాస్ టీచరుకి, పీఈటీ గారికి చెరొకటి ఇవ్వండి.

పరుగుతో వచ్చే ఆయాసం చాలావరకు రెండు కారణాల వల్ల. రోజూ వాడాల్సిన నివారణ ఇన్‌హేలర్‌ని ‘ఇప్పుడు బాగానే ఉన్నాడుగా’ అని ఇంట్లో ఆపేయడం మొదటిది. ఒళ్లు వేడెక్కకుండానే ఒక్కసారిగా పరిగెత్తించడం రెండోది. మొదటిది మీ చేతిలో ఉంది. రెండోదానికి, ఆటకు ముందు పది నిమిషాలు నడక, మెల్లని పరుగు, మధ్యలో చిన్న చిన్న వేగపు పరుగులు చేయిస్తే ఊపిరి చాలావరకు నిలకడగా ఉంటుంది. అప్పటికీ వస్తుంటే డాక్టరు సలహా మీద ఆటకు 10, 15 నిమిషాల ముందు నీలం రంగు సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ వాడవచ్చు. అయితే వారంలో రెండు మూడుసార్లు దాని అవసరం పడుతోందంటే అసలు మందు చాలడం లేదని అర్థం. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఆడుతుండగా ఆయాసం వస్తే బడిలో చేయాల్సింది: నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు, చుట్టూ గుంపు చేరకూడదు. ఇన్‌హేలర్ ఊపి స్పేసర్‌కి (మందు ఆగి, మెల్లగా పీల్చుకునేందుకు ముందు పెట్టే ప్లాస్టిక్ గొట్టం) తగిలించి ఒక్క పఫ్ కొట్టి, నాలుగు శ్వాసలు పీల్చనివ్వాలి. మళ్లీ ఊపి ఇంకొకటి. అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మరో నాలుగు. అప్పటికీ తగ్గకపోయినా, మాట పూర్తిగా రాకపోయినా, పెదాలు నీలి రంగుకు తిరిగినా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా అలాగే పఫ్‌లు ఇస్తూ ఉండాలి. నాలుగు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేస్తే మందు గోడలకు అంటుకుపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది తక్కువ.

స్పేసర్‌ని సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్తు పట్టి మందును లాగేసుకుంటుంది. ఇన్‌హేలర్‌లో మందుందో లేదో నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పద్ధతిని నమ్మకండి. మందు అయిపోయినా గ్యాస్ మిగిలి ఉంటుంది. వాడిన పఫ్‌లు లెక్క రాసుకోవడమే నయం. అన్నిటికంటే ముఖ్యం, ఇన్‌హేలర్ హెచ్‌ఎం గారి బీరువాలో తాళం వేసి ఉండకూడదు. బాబు ఆడే చోటే, పీఈటీ గారి సంచీలో ఉండాలి.

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో పిల్లల కంటిచూపు పరీక్ష మేమే చేయాలంటున్నారు. చార్టు ఇచ్చారు గానీ అందరూ బాగానే చదివేస్తున్నారు. బోర్డు మీది మాత్రం తప్పులు రాస్తున్నారు. ఎక్కడ తేడా వస్తోంది?
– ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా

జవాబు: ముందు దూరం కొలవండి. ఆరు మీటర్ల చార్టును గదిలో చోటు చాలక మూడు మీటర్ల నుంచి చదివిస్తే చూపు తగ్గిన పిల్లాడు కూడా గట్టెక్కేస్తాడు. ఆరు మీటర్ల తాడు కోసుకుని, ఒక కొస గోడకి, రెండో కొస పిల్లాడి మడమల దగ్గరికి పెట్టండి. గది చాలకపోతే వరండా వాడండి. చార్టు పిల్లాడి కళ్ల ఎత్తులో, మంచి వెలుతురులో ఉండాలి. వెనక కిటికీ ఉండకూడదు.

రెండో తేడా, వరుసలో నిలబడ్డ మిగతా పిల్లలు విని వల్లెవేసుకోవడం. ఒక్కొక్కరినే పిలవండి. అక్షరాలు రాని చిన్నపిల్లలకు ఇంగ్లిషు ‘E’ గుర్తుల చార్టు పెట్టి, కాళ్లు ఎటు తిరిగున్నాయో చేత్తో చూపమనండి. మధ్యమధ్య వరుస మార్చి కుడి నుంచి ఎడమకు అడగండి.

మూడోది, ఒక కన్ను మూసే తీరు. వేళ్లు అడ్డం పెడితే సందుల్లోంచి చూస్తారు. అరచేతిని గిన్నెలా ఒంచి, కంటిని నొక్కకుండా కప్పించాలి. నొక్కితే చేయి తీశాక కాసేపు మసకగా కనిపించి, ఆ కన్నే చెడినట్టు తేలుతుంది. ముందు కుడి, తర్వాత ఎడమ. ఏ కంటితోనైనా 6/9 వరుసలో ఎక్కువ గుర్తులు చెప్పలేకపోతే కళ్ల డాక్టరుకు పంపాలి. మెల్ల ఉన్నవాళ్లను, తల పక్కకి వంచి చూసేవాళ్లను, ఎప్పుడూ క్యాచ్ జారవిడిచేవాళ్లను చార్టు చదివినా సరే పంపండి. ఒక కన్ను మందగించి రెండో కన్నే పని మొత్తం చేస్తుంటే ఏడెనిమిదేళ్ల లోపు సరిదిద్దడం తేలిక. ఆ తర్వాత కష్టపడాలి.

చూపు తగ్గిన పిల్లను ముందు బెంచీకి మార్చి ఊరుకోవడం చాలా బళ్లలో చూస్తాం. అద్దాలు రాకముందు అది తాత్కాలిక సర్దుబాటు మాత్రమే. అద్దాలు వచ్చాక నెలకోసారి తొడుక్కున్నారో లేదో చూడండి. ముక్కు మీంచి జారిపోతున్నాయనో, ‘సోడాబుడ్డి’ అంటున్నారనో తీసి సంచీలో పడేస్తారు. ఆటల్లో ప్లాస్టిక్ అద్దాలే ఉండాలి, వెనక ఎలాస్టిక్ పట్టీ కట్టాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. టైప్-1 షుగర్, రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్. కబడ్డీ టీములోకి ఎంపికైంది. భయంగా ఉంది.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆడించండి. ఆటకు ముందు షుగర్ చూసుకోవడం మాత్రం తప్పకూడదు. 90 కంటే తక్కువుంటే 10 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం తిని – ఒక చిన్న అరటిపండో, మూడు మేరీ బిస్కెట్లో – మళ్లీ చూసుకుని దిగాలి. 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) పరీక్షించాలి. కీటోన్లు ఉంటే ఆ రోజు ఆట లేదు, డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆట ఉన్న రోజు ఇన్సులిన్ తొడకు వేయకండి. పరిగెత్తే కండ దగ్గర మందు త్వరగా రక్తంలో కలిసి షుగర్ గబుక్కున పడిపోతుంది. సాయంత్రం గట్టిగా ఆడితే ఆ రాత్రి నిద్రలో కూడా తగ్గవచ్చు. ఆ రోజుల్లో పడుకునే ముందు ఒకసారి చూడండి. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది మీ డాక్టరు చెప్పాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇన్సులిన్ పూర్తిగా మానేయకూడదు.

చెమటలు, వణుకు, చిరాకు, తికమక మాటలు, మైదానం మధ్యలో ఊరికే నిలబడిపోవడం – ఇవి షుగర్ పడిపోతున్న గుర్తులు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. చాక్లెట్, చిక్కీ ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 పిలవాలి. ఒంట్లో బాగాలేదన్న పిల్లను స్టాఫ్‌రూముకి ఒంటరిగా నడిపించవద్దని, క్లాసులో నీళ్లు తాగడానికి, బాత్రూముకి అనుమతి అడిగించవద్దని బడికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: పదో తరగతి. డ్రిల్లు పీరియడ్లన్నీ లెక్కల సార్ తీసుకుంటున్నారు. అడిగితే ‘ర్యాంకు కావాలా, ఆట కావాలా’ అంటున్నారు.
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: నీ వయసువాళ్లకు సగటున రోజుకు గంటసేపు ఒళ్లు బాగా కదిలే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి రెండు పీరియడ్లు దానికి మూలకు రావు; అవీ లాక్కుంటే మిగిలేది సున్నా. పొద్దున్నుంచి ఏడు పీరియడ్లు వరుసగా కూర్చున్నవాడికి ఎనిమిదో పీరియడ్‌లో చెప్పిన లెక్క ఎంత ఎక్కుతుందో సార్‌కీ తెలుసు. మీ అమ్మానాన్నల్ని తర్వాతి పేరెంట్స్ మీటింగులో ఒకే మాట అడగమను: పీరియడ్ తీసుకుంటే దాన్ని ఏ రోజు తిరిగిస్తారు? గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఆ జవాబు మినిట్స్‌లో రాయిస్తే చాలు. ఈలోగా బడికి నడిచో, సైకిల్ మీదో వెళ్లు.

ప్రశ్న: మాకు గ్రౌండ్ లేదు. బడి వెనక పదిహేను మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు జాగా ఉంది. క్లాసుకి నలభైమంది. వాలీబాల్ ఒక్కటే ఉంది. ఏం ఆడించాలి?
– ప్రధానోపాధ్యాయురాలు, కాకినాడ జిల్లా

జవాబు: ఒక బంతి, నలభైమంది అంటే పన్నెండుగురు ఆడతారు, మిగతావాళ్లు ఎండలో నిలబడి చూస్తారు. నలభై నిమిషాల పీరియడ్‌ని విడగొట్టండి. మొదటి ఐదు నిమిషాలు అందరికీ వేడెక్కే వ్యాయామం. ఆ తర్వాత పదేసిమంది నాలుగు గుంపులుగా నాలుగు చోట్ల, చోటుకి ఎనిమిది నిమిషాలు. చివరి మూడు నిమిషాలు నీళ్లు, ఒళ్లు సాగదీయడం.

టెన్నికాయిట్ కోర్టు 12.2 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు. మీ జాగాలో ఒక పక్కగా పడుతుంది, ఇంకో నాలుగు మీటర్లకు పైగా వెడల్పు మిగులుతుంది. రబ్బరు రింగు ఖరీదు తక్కువ, వల లేకపోతే తాడు కట్టినా చాలు. మిగిలిన జాగాలో స్కిప్పింగ్ తాళ్లు, గోడ మీద గీసిన గడులకు బంతి గురి, తొక్కుడుబిళ్ల. సబ్‌జూనియర్ కబడ్డీ కోర్టుకి 11 మీటర్లు, 8 మీటర్లు చాలు. అది వేరే రోజు పెట్టుకోండి. ఖోఖోకి 27 మీటర్లు కావాలి, ఆ ఆశ వదిలేయండి. వరసగా కూర్చుని ‘ఖో’ ఇచ్చే భాగాన్ని మాత్రం రిలే పరుగుగా ఆడించుకోవచ్చు.

నడవలేని పిల్ల ఉంటే లెక్క రాసే పని అంటగట్టకండి. గోడ గురి ఆట కూర్చుని కూడా ఆడొచ్చు. గీత దగ్గరికి జరపండి, అంతే. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం సిబ్బందిని అడిగితే ఏ కదలిక మంచిదో చెబుతారు.

కబడ్డీ ఆడే చోట గులకరాళ్లు ఏరించి, నాలుగంగుళాలు గుల్ల చేసి, జల్లించిన మట్టి, ఇసుక కలిపి ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లండి. గట్టి నేల మీద మోకాళ్లు చెక్కుకుపోయే పిల్లలే మర్నాడు కడుపునొప్పి అంటారు. గీతలకు సున్నం వాడకండి. చెమటతో కలిసి చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ముగ్గుపిండి చాలు. పొరపాటున సున్నం కంట్లో పడితే నలపనివ్వకుండా, రెప్పలు తెరిచి కనీసం 20 నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: ఒంటిపూట బడుల్లో ఆటలు పెట్టొచ్చా?
– పీఈటీ, నల్లగొండ జిల్లా

జవాబు: మొదటి పీరియడ్‌లోనే పెట్టండి. తొమ్మిదిన్నర దాటితే నీడలో, గదిలో ఆడేవి మాత్రమే. ఆటకు ముందు ఒక గ్లాసు, ఆడుతుండగా ప్రతి ఇరవై నిమిషాలకు మళ్లీ కొన్ని నీళ్లు. దాహం వేసేదాకా ఆగకూడదు. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లెవరో ముందే చేతులెత్తించి, వాళ్లను పరిగెత్తించకండి. తలనొప్పి, వికారం, కాళ్లు పీకడం అంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి ఓఆర్‌ఎస్ తాగించాలి. ఒక ప్యాకెట్ లీటరు నీళ్లకు. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం తప్పు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ: 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే తల మీద, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. పారాసెటమాల్ ఆ వేడిని దించదు.

ప్రశ్న: మూడో తరగతి పాప బ్యాగు ఎంత బరువుండాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పాప బరువులో పదో వంతు మించకూడదు. 2020 నాటి కేంద్ర విధానం ప్రకారం మూడు నుంచి ఐదు తరగతులకు 1.7 నుంచి 2.5 కిలోలు. ఇంట్లో బరువు చూసే మిషను మీద పాపను ఒకసారి బ్యాగుతో, ఒకసారి లేకుండా నిలబెట్టి తేడా చూడండి. ఎక్కువుంటే ముందు ఖాళీ బ్యాగు తూచండి. పెద్ద సైజు బ్యాగు, స్టీలు డబ్బా, లీటరు నీళ్ల సీసా కలిసే రెండు కిలోలు అవుతాయి. పట్టీలు రెండూ భుజాలకు వేసుకోవాలి, బ్యాగు అడుగు నడుము కంటే కిందికి వేలాడకూడదు.